నడుము కోయించుకున్నవాళ్ళ మనవి

ఈ వ్యాసం చదివితే కొందరు సభ్యులకు కోపం రావచ్చు. రావాలనే రాస్తున్నాం. కోపం చల్లారాక ఇంటిల్లిపాదీ కూర్చుని, కూర్చోలేనివారు నిలబడి, మరోసారి చదవమని మనవి.

మేమంటే ఎవరమో ముందు చెప్పాలి. డిస్కు జారి, కాలి నరం నొప్పితో నెలల తరబడి కుంటి, చివరికి వెన్ను కోయించుకున్న సంఘ సభ్యులం. అయిదుగురం: ముగ్గురు మగవాళ్ళం, ఇద్దరు ఆడవాళ్ళం. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే మా ఆపరేషన్లన్నీ జరిగిపోయాయి. మొన్నటి ఉగాది సభలో సన్మానాలు సాగుతూండగా హాలు వెనక గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్ళం మేమే. మడత కుర్చీలో రెండు గంటలు కూర్చోలేనివాడికి అలాంటివాడు మరొకడు దూరం నుంచే తెలిసిపోతాడు. ఆ సాయంత్రం గోడ పక్కన చెప్పుకున్నదే ఇక్కడ రాస్తున్నాం.

మా ఫిర్యాదు డాక్టర్ల మీద కాదు. మన ఇళ్ళ మీద, మన మీద. కోత సర్జనుది, గంటా గంటన్నరలో ముగుస్తుంది. కోలుకోవడం ఇంటిది, నెలలు పడుతుంది. ఆ నెలల్లో మన ఇళ్ళు మగవాణ్ణి మంచానికి కట్టేస్తాయి, ఆడదాన్ని పొయ్యి దగ్గరికి తోలేస్తాయి. రెండూ తప్పే. రెండు తప్పులకీ మూలం ఒకటే: ఇంటిపని ఎవరిదో మనం పెళ్ళినాడే నిర్ణయించేసుకుని, విమానమెక్కినా ఆ నిర్ణయాన్ని మార్చుకోకపోవడం.

ముందు ఈ "జారడం" అనే మాట సంగతి చూద్దాం. మనవాళ్ళ భయంలో సగం ఈ మాటలోనే ఉంది. వెన్నుపూసల మధ్య మెత్తని బిళ్ళలు 23 ఉంటాయి. వాటికి చుట్టూ గట్టి పీచు కట్టు, నడుమ జిగురు గుజ్జు. బిళ్ళ ఎక్కడికీ జారదు. పీచు చిట్లి, లోపలి గుజ్జు బయటికి ఉబికి, పక్కనే ఉన్న నరం మొదలుని నొక్కుతుంది, మంట పెడుతుంది. నూటికి తొంభైకి పైగా కేసుల్లో ఇది నడుము చివరి రెండు బిళ్ళల్లోనే జరుగుతుంది. అక్కడి నరాలు కాల్లోకి దిగుతాయి కనక నొప్పి పిర్రలో మొదలై తొడ వెనకగా పిక్కకీ పాదానికీ పాకుతుంది. మన ఆయుర్వేదం దీన్నే గృధ్రసి అంది. గృధ్రం అంటే గద్ద. రోగి నడక గద్ద నడకలా మారుతుందని ఆ పేరు వచ్చిందంటారు. మా నడక చూసినవాళ్ళెవరూ ఆ పోలికని కాదనలేదు.

ఈ నొప్పికి చిట్లిన డిస్కు కారణమని లోకానికి గట్టిగా చూపించినవాళ్ళు బోస్టన్ సర్జన్లు మిక్స్టర్, బార్. 1934లో వాళ్ళ వ్యాసం న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. అప్పటి ఆపరేషను పెద్దది, అది జరిగాక మంచంలో గడిపే రోజులూ ఎక్కువే. 1977లో యాసర్గిల్, కాస్పర్ సూక్ష్మదర్శిని కింద చిన్న కోతతో చేసే పద్ధతిని ప్రకటించారు. ఇప్పుడు కోత అంగుళానికి అటూ ఇటూ. చాలామందిని ఆ రోజో మర్నాడో ఇంటికి పంపేస్తారు. పంపే ముందు నర్సు చేయి పట్టుకుని వరండాలో నడిపిస్తుంది. అంటే హాస్పిటలు మమ్మల్ని నడిపించి పంపింది. ఇంటికి రాగానే మనవాళ్ళు పడుకోబెట్టారు!

"వెన్నుకి విశ్రాంతి ఇవ్వాలి కదా?" అంటారు. నిజమే, ఒకప్పుడు డాక్టర్లూ అదే అన్నారు. తరవాత వాళ్ళు పరీక్షించి చూసుకున్నారు. 1986లో అమెరికాలో డేయో బృందం నడుము నొప్పి వచ్చిన 203 మందిలో కొందరికి 2 రోజులు, కొందరికి 7 రోజులు పడక చెప్పింది. వారం పడుకున్నవాళ్ళకి అదనంగా ఒరిగిందేమీ లేదు. రెండు రోజుల వాళ్ళు పనికి ముందే వెళ్ళారు. 1999లో డచ్చి డాక్టర్లు కాలి నరం నొప్పి ఉన్న 183 మందిని తీసుకుని, కొందరిని రెండు వారాలు పడుకోబెట్టి, మిగతావాళ్ళని మామూలుగా తిరగనిచ్చారు. తేడా లేదు. అదే ఏడు కారగీ అనే సర్జను, డిస్కు ఆపరేషనయిన 152 మందికి ఏ ఆంక్షా పెట్టకుండా, చేయగలిగినంత మామూలు పనులకి మళ్ళమని చెప్పి ఫలితాలు ప్రకటించాడు. వాళ్ళలో ఎక్కువమంది వారం రెండు వారాల్లో పనికి వెళ్ళారు. మీ సర్జను అంత స్వేచ్ఛ ఇవ్వకపోవచ్చు. మా అయిదుగురికీ ఇవ్వలేదు. ఎవరి సర్జను మాట వాళ్ళు వినాలి. కాని వారాల తరబడి కదలకుండా పడుకోమని మాలో ఎవరికీ ఏ సర్జనూ చెప్పలేదు. ఆ మందు రాసినది మన బంధువర్గం.

మాలో ఒకాయన 22 రోజులు మంచం దిగలేదు, బాత్రూముకి తప్ప. భార్య సెలవు పెట్టి కంచం మంచం దగ్గరికే తెచ్చింది. వాతం చేస్తాయని వంకాయ, బంగాళాదుంప మానిపించారు. హైదరాబాదు నుంచి ఒక పెద్దాయన ఫోనులో పుత్తూరు కట్టు కట్టించమన్నారు. పుత్తూరు కట్టు విరిగిన ఎముకకి, ఇక్కడ విరిగిన ఎముక లేదు. మూడు వారాంతాలూ పరామర్శకు వచ్చినవాళ్ళు స్వీటు డబ్బాలతో వచ్చారు. వచ్చినవాళ్ళ మర్యాద కోసం ఆయన దిండ్లు పెట్టుకుని గంటలకొద్దీ కూర్చున్నాడు. అలా కూర్చోవద్దని హాస్పిటలు కాగితంలో ఉంది, ఎవరూ చదవలేదు. ఇరవై మూడో రోజున లేచి చూసుకుంటే పిక్క సన్నబడింది, పొట్ట పెరిగింది, మెట్లు చూస్తే గుండె దడ. కోసిన చోట నొప్పి అప్పటికే లేదు. ఆయన్ని మంచంలో ఉంచింది భయం. ఆ భయం పోవడానికి నాలుగు నెలలు పట్టింది. పిక్క రక్తనాళాల్లో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకి ఎక్కే ప్రమాదం కూడా కదలనివాళ్ళకే ఎక్కువ. ఆ గండం తప్పింది కనకనే ఇప్పుడు ఈ కథని నవ్వుతూ చెప్పగలుగుతున్నాడు.

ఇక రెండో తప్పు. మాలో ఒకామె పన్నెండో రోజున పొయ్యి ముందు నిలబడింది. ఎవరూ బలవంతం చేయలేదు. అదే మా బాధ. భర్త మంచివాడు, కేకలేసే రకం కాదు. కాని సింకులో గిన్నెలు అలాగే ఉంటాయి, పిల్లలు "ఈ పూట కూడా పిజ్జాయేనా" అంటారు, "వదినగారు లేచి తిరుగుతున్నారు కదా, ఇక ఫరవాలేదన్నమాట" అని వచ్చినవాళ్ళు సంతోషిస్తారు. కాలి నొప్పి ఆపరేషను బల్ల మీదే మాయమవడం ఆమె చేసుకున్న పాపం. నొప్పి తగ్గింది కనక పని చేయగలదని ఇల్లు తీర్పు చెప్పేసింది.

నడక వేరు, ఇంటిపని వేరు. నడిచేటప్పుడు వెన్ను నిటారుగా ఉంటుంది. హాస్పిటలు ఇచ్చిన కాగితంలో మొదటి వారాలకి మూడు నిషేధాలు: వంగకు, ఎత్తకు, మెలితిరగకు. పది పౌండ్లు మించి పట్టుకోవద్దన్నారు. గాలను పాలడబ్బాయే ఎనిమిదిన్నర పౌండ్లు దాటుతుంది. సోనా మసూరి బియ్యం సంచి ఇరవై. డిష్‌వాషరు కింది అర నుంచి గిన్నె తీసి పై షెల్ఫులో పెట్టడమంటే వంగడం, ఎత్తడం, మెలితిరగడం మూడూ ఒకే ఊపులో అయినట్టే. లాండ్రీ బుట్ట అంతే. గ్రైండరు రాయి అంతే. ఆ మూడూ తీసేస్తే మన వంటింట్లో మిగిలే పని పోపు వేయడం ఒక్కటే.

ఆ ఇంట్లో గండం గడిచిందని మూడో వారంలో సత్యనారాయణ వ్రతం చేయించారు. ఆమె పీట మీద రెండు గంటలు కూర్చుంది, వంగి నమస్కారం చేసింది, ప్రసాదానికి రవ్వ తానే వేయించింది. దేవుడు ఇవన్నీ అడిగాడని మేము నమ్మం. ఆరో వారంలో అదే డిస్కు అదే చోట మళ్ళీ ఉబికి, రెండో కోత పడింది. ఇది ఇంటిపని వల్లే జరిగిందని మేము రుజువు చేయలేం. ఎంత జాగ్రత్తగా ఉన్నా నూటికి 5 నుంచి 15 మందికి ఇలా తిరగబెడుతుందని లెక్కలున్నాయి. సర్జను కూడా కారణం చెప్పలేదు. కాని ఆ ఆరు వారాలూ ఆమె ఎలా గడిపిందో మాకు తెలుసు. మగవాడికి ఇరవై రెండు రోజుల మంచం, ఆమెకి పన్నెండు రోజులు. ఈ లెక్క ఏ వైద్యశాస్త్రంలో ఉంది?

మాలోని ముగ్గురు మగవాళ్ళం ఒక సంగతి ఒప్పుకోవాలి. లాండ్రీ బుట్ట అంత బరువుంటుందని మాకు ఆపరేషను అయ్యేదాకా తెలియదు. ఎత్తవద్దన్న వస్తువుల పట్టికలో దాని పేరు చూశాక, ఇన్నేళ్ళుగా అది నేలమాళిగ నుంచి మేడ మీదికి ఎవరి నడుము మీద ఎక్కుతోందో ఆలోచించాం. ఆడవాళ్ళ నడుము నొప్పిని "గ్యాసు", "వయసు" అని తేల్చేసినవాళ్ళం మేమే.

మూడో తప్పు దాచుకోవడం. మాలో ఒకాయన ఆపరేషను సంగతి ఆఫీసులో చెప్పలేదు, స్నేహితులకి చెప్పలేదు, ఊళ్ళో అమ్మకి అసలే చెప్పలేదు. "సెలవు మీద ఉన్నాడు" అన్నారు. ఎనిమిదో రోజున కారెక్కి ముప్పావుగంట నడిపి ఆఫీసుకి వెళ్ళాడు, పేరు చెడుతుందని. ఈ దేశంలో 1993 నుంచి ఒక చట్టం ఉంది. 50 మందికి తక్కువ కాని సంస్థలో ఏడాదిగా, చట్టం చెప్పిన గంటలకి తగ్గకుండా పనిచేస్తున్నవారికి తీవ్రమైన అనారోగ్యానికి 12 వారాల దాకా సెలవు హక్కుగా వస్తుంది. జీతం ఇవ్వకపోవచ్చు, ఉద్యోగం మాత్రం తీసేయకూడదు. ఇంకో మాట, మగవారు కళ్ళజోడు సవరించుకుని చదవండి: భార్యకి జబ్బు చేస్తే ఆమెని చూసుకోవడానికి భర్తకి కూడా అదే చట్టం కింద సెలవు వస్తుంది. పన్ను మినహాయింపుల్లో ప్రతి నిబంధనా కంఠస్థంగా తెలిసిన మన మేధావుల్లో ఎందరికి ఇది తెలుసు? తెలిసీ వాడుకున్నవారెందరు?

సెలవు పెట్టడానికి బదులు మనం చేసే పని మరొకటుంది. ఊరినుంచి అమ్మనో అత్తగారినో రప్పిస్తాం. మాలో ఒకరింట అలా వచ్చిన పెద్దావిడకి అరవై ఎనిమిదేళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగి ఉన్నాయి. ఇరవైగంటల ప్రయాణం చేసి దిగిన మర్నాటి నుంచి వంట, గిన్నెలు, పిల్లల డబ్బాలు. నాలుగో వారానికి ఆవిడ నడుము పట్టేసింది. సందర్శకుల బీమాలో పాత జబ్బులకి డబ్బు రాదన్నారు. ఒక నడుము బాగుచేయడానికి మరో నడుము విరగ్గొట్టడం ఏ లెక్కన సేవ? పెద్దవాళ్ళని రప్పించవద్దని మేము అనడం లేదు. పక్కన కూర్చుని కబుర్లు చెప్పడానికి, మనతో కలిసి నడవడానికి రప్పించండి. పనిమనిషి బదులుగా రప్పించకండి.

"అసలు కోయించుకోకపోయినా తగ్గేదిగా?" అని ఆపరేషను అయ్యాక వచ్చి అడిగే మేధావులకి కూడా జవాబు చెప్పాలి. చాలామందికి తగ్గుతుంది, నిజమే. 2007లో వచ్చిన డచ్చి అధ్యయనంలో కాలి నరం నొప్పి తీవ్రంగా ఉన్న 283 మందిని రెండు గుంపులు చేశారు. త్వరగా ఆపరేషనైన గుంపుకి నొప్పి త్వరగా తగ్గింది. ఏడాది తిరిగేసరికి రెండు గుంపులూ దాదాపు ఒకటే. కాని ఆగి చూద్దామన్న గుంపులో నూటికి 39 మంది ఆ ఏడాదిలోగానే భరించలేక కోయించుకున్నారు. ఆగినవాడు వెర్రివాడు కాడు, కోయించుకున్నవాడూ కాడు. పాదం ఎత్తలేకపోతున్నవాళ్ళకి ఆగే వ్యవధి ఉండకపోవచ్చు. మలమూత్రాల అదుపు తప్పడం, మూత్రం రాకపోవడం, కూర్చునే చోట స్పర్శ పోవడం, రెండు కాళ్ళూ బలహీనపడటం: వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా అత్యవసర విభాగానికి పరుగెత్తాలి, ఆపరేషనుకి ముందైనా తరవాతైనా. సిగ్గుపడి తెల్లారేదాకా ఆగకండి. ఈ పేజీలో ఇంకేమీ గుర్తుండకపోయినా ఈ నాలుగూ గుర్తుంచుకోండి.

"ఇంకా తగ్గలేదా?" అనేది రెండో ప్రశ్న. కాలి పోటు ముందు పోతుంది. తిమ్మిరి ఆఖరున పోతుంది, కొందరికి పూర్తిగా పోదు. బాగా దెబ్బతిన్న నరం మళ్ళీ పెరగవలసి వస్తే రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుందని వైద్యులు లెక్క చెబుతారు. నడుము నుంచి పాదం ఎంత దూరమో మీరే కొలుచుకోండి. మూడో వారంలో దిగులు కమ్ముతుంది, ఒకరోజు బాగుంటే రెండు రోజులు బాగుండదు. అప్పుడు "ఆపరేషను ఫెయిలయిందేమో" అని ఫోనులో అనేవాళ్ళు దయచేసి ఫోను చేయకండి.

ఫిజియోథెరపీ గురించి కూడా ఒక మాట. "వాళ్ళు చెప్పేవి మన ఆసనాలేగా, డబ్బు దండగ" అని మానేసినవాళ్ళు మాలో ఇద్దరున్నారు. ఇద్దరూ తరవాత వెళ్ళారు. ఆసనాలు మనవే అయినా, కొత్తగా కోసిన వెన్నుకి పశ్చిమోత్తానాసనం ఎప్పుడు వేయాలో, అసలు వేయాలో లేదో చెప్పేవాడు కావాలి. ఆపరేషనైన నాలుగు నుంచి ఆరు వారాలకు మొదలుపెట్టే వ్యాయామం వల్ల నొప్పి, అశక్తత త్వరగా తగ్గుతాయనీ, దానివల్ల మళ్ళీ ఆపరేషను అవసరమయ్యేవాళ్ళు పెరిగినట్టు కనబడలేదనీ 22 పరీక్షలని కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష 2014లో చెప్పింది. అంతదాకా నడకే మందు. మాకు మొదటి రోజు వీధి చివరి తపాలా డబ్బా దాకా, రెండో వారానికి పార్కు దాకా. మంచు పడితే మాలులో పొద్దున్నే, దుకాణాలు తెరవకముందు.

మా మాటల్ని మన ఆప్యాయత మీద ఎగతాళిగా తీసుకోకండి. బాలింతని నలభై రోజులు కళ్ళలో పెట్టుకుని చూసుకునే జాతి మనది. ఆ చూపు కావాలి. దాన్ని మంచం చుట్టూ కాకుండా మనిషి చుట్టూ కట్టమంటున్నాం. ఆపరేషనైన ఇంటికి సాంబారు గిన్నె తేవడం మంచిదే. తెచ్చినవాళ్ళు ఆ గిన్నె ఫ్రిజ్జులో పెట్టి, సింకులోవి కడిగి, డ్రయ్యరులో బట్టలు తీసి మడతపెట్టి, రోగి చేత చెప్పులు తొడిగించి పావుగంట నడిపించి వెళితే అది పరామర్శ. సోఫాలో కూర్చుని "మా బావగారికి కూడా ఇలాగే అయి కాలు పడిపోయింది" అని టీ తాగి వెళితే అది దండన.

కార్యవర్గాన్ని మూడు కోరుతున్నాం. ఒకటి: ఆపరేషనైన సభ్యుల ఇళ్ళకి ఆరు వారాలపాటు వంతులవారీగా వెళ్ళేవారి జాబితా. అందులో మగవారి పేర్లు సగానికి తగ్గకూడదు. మంచు తోయడం, చెత్త డబ్బాలు వీధిలో పెట్టడం, పిల్లల్ని బడికి దింపడం, ఆసుపత్రికి కారు నడపడం వంట రానివాళ్ళు కూడా చేయగలరు. రెండు: సభల్లో వెనక గోడ దగ్గర కాస్త చోటు వదలండి. నిలబడ్డవాళ్ళని "కూర్చోండి, కూర్చోండి" అని మైకులో పిలవకండి. మూడు: హాలులో కుర్చీలు, బల్లలు మోసే పని ఎప్పుడూ ఆ నలుగురికే అప్పగించకండి. మా అయిదుగురిలో ఇద్దరం ఆ నలుగురిలోవాళ్ళమే.

ఇళ్ళని కోరేది ఒక్కటే. మీ ఇంట్లో ఎవరి నడుము రేపు పట్టేస్తుందో ఎవరికీ తెలియదు. ఈ ఆదివారం భార్యాభర్తలిద్దరూ కూర్చుని, ఆరు వారాలు ఒకరు వంగకుండా ఉండాలంటే ఇంట్లో ఏ పని ఎవరు చేస్తారో ఒక కాగితం మీద రాయండి. ఒక పేరు కింద పది పనులు, మరో పేరు కింద రెండు వస్తే, నడుములు బాగున్న ఇప్పుడే ఆ కాగితం సరిదిద్దుకోండి.

— వెనక గోడ దగ్గర నిలబడే అయిదుగురు సభ్యులు